జాగ్రత్త: "కుక్కని మా దగ్గర వదిలేయండి, అల్లరి మాన్పించి ఇస్తాం" అనే ట్రెయినింగ్ ప్యాకేజీలు (విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి)

వీధికుక్కల్ని చేరదీసి పెంచుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. మూడు వారాలు వాళ్ల షెడ్డులోనే ఉంచుకుని ట్రెయినింగ్ ఇస్తామంటే పదిహేను వేలు కట్టాం. కుక్క అరవడం మానేసిన మాట నిజమే. ఎలా మానేసిందో కూడా తెలియాలి కదా.

మా గంగులు పెద్దచెరువు గట్టు మీద బైకు గుద్దేసి పడి ఉంటే తెచ్చుకున్న కుక్క. కాలు బాగయ్యాక వాడితో ఒకటే పేచీ, ఇంట్లో అందరూ వాణ్ణే చూస్తుండాలి. ఫోన్ ఎత్తితే మొరుగుతాడు. అమ్మ సీరియల్ ముందు కూర్చుంటే కొంగు పట్టి లాగుతాడు. బాత్రూంలోకి వెళ్తే బయట తలుపు గీకుతాడు. పక్కింటివాళ్లు మొహం చిట్లించడం మొదలుపెట్టాక ట్రెయినర్ని పిలిచాం.

ఆయన వచ్చి, టీ తాగినంతసేపు కుక్కని చూసి, "మీకేటి టెన్షన్ వద్దండి. బొమ్మలా కూకోబెట్టి ఇస్తాం, గ్యారంటీ" అన్నాడు. చూడ్డానికి మాత్రం రావద్దన్నాడు, మనల్ని చూస్తే నేర్చుకున్నది చెడిపోతుందట. రోజూ వీడియోలు పంపేవాడు. ప్రతిదానికీ వెనక సినిమా పాట పెట్టి ఉండేది. అసలు సౌండ్ ఉన్న వీడియో ఒక్కటీ రాలేదు.

ఇంటికొచ్చిన గంగులు నిజంగానే బొమ్మలా ఉన్నాడు. మూలన కూర్చుంటే లేవడు, పిలిస్తే తోక కాళ్ల మధ్య పెట్టుకుని నేల చూస్తాడు. ఆ సాయంత్రం కరెంటు పోయి ఇన్వర్టర్ 'బీప్' అంది. వాడు ఒక్క ఉదుటున మంచం కిందికి దూరి అక్కడే ఒంటేలు పోసేశాడు. బయటికి లాగి మెడ తడిమితే, గొంతు కింద వెంట్రుకలు ఊడి, పక్కపక్కనే రెండు పుళ్లు తగిలాయి. పశువుల డాక్టరుగారు చూడగానే షాక్ కాలర్ అన్నారు, అంటే మెడకి కట్టి కరెంటు షాక్ ఇచ్చే పట్టీ. దాని రెండు లోహపు మొనలు గంటల తరబడి ఒత్తుకుపోతే చర్మం ఇలా పుండవుతుందట. చాలా కాలర్లలో షాక్‌కి ముందు బీప్ వస్తుంది. ఇన్వర్టర్ సంగతి అప్పుడు అర్థమైంది.

ట్రెయినర్ని నిలదీస్తే "ఇది ఫారిన్ మెథడండి" అన్నాడు. ఆ ఫారిన్‌లోనే, బ్రిటన్‌లోని వేల్స్‌లో, 2010 నుంచి కుక్కలకి షాక్ కాలర్ వాడటం నిషేధం. డబ్బు వెనక్కి అడిగితే "అరవట్లేదు కదా, ఇంకేటి?" అన్నాడు.

ఇంకేమిటంటే, భయంతో నోరు మూసుకున్న కుక్క నేర్చుకున్నదేమీ ఉండదు. పైగా గుర్రుమన్నందుకు దెబ్బ తిన్న కుక్క రేపు గుర్రుమనకుండానే కరవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ ఒక్క సంగతైనా గుర్తుపెట్టుకోండి.

మనిషి కోసం అల్లాడే కుక్కకి మన తిట్టు కూడా పలకరింపే. "అబ్బా, ఆగరా" అన్నా దానికి కావలసింది దొరికినట్టే. మనం పట్టించుకోవడం మానేస్తే ముందు కొన్నాళ్లు అరుపు తగ్గదు సరికదా, పెరుగుతుంది. సరిగ్గా అక్కడే మనం లొంగిపోతే ఇంకా గట్టిగా అరవాలని నేర్చుకుంటుంది. గ్యారంటీ ప్యాకేజీలు అమ్ముడుపోయేది కూడా ఆ రోజుల్లోనే.

ఇప్పుడు డాక్టరుగారు చెప్పినట్టు చేస్తున్నాం. ముందు చెవులు, చర్మం, పాత దెబ్బ చూశారు, నొప్పి ఉన్న కుక్క కూడా మనిషిని వదలదట. హాల్లో ఒక గోనెపట్టా వేశాం. దాని మీద వాడంతట వాడు పడుకుంటే, మాట్లాడకుండా ఒక ముక్క ఉడికించిన చికెన్ పెడతాం. అరిచినప్పుడు ఎవరూ తల తిప్పం. అమ్మకి ఇదే అన్నిటికన్నా కష్టంగా ఉంది. వాడు అడక్కముందే మనమే పిలిచి ఆడించి, షికారు తిప్పుతాం. తలుపు వేసుకుని బయటికెళ్లి, కుయ్యిమనకముందే తిరిగొస్తూ, ఆ సేపుని కొద్దికొద్దిగా పెంచుతున్నాం. ఒంటరిగా వదిలితే వగరుస్తూ, చొంగ కారుస్తూ, తలుపులు కొరికేసే కుక్కల సంగతి వేరు, వాటిని డాక్టరుకి చూపించాల్సిందే. గంగులు నిన్న మళ్లీ కొంగు లాగాడు. ఈసారి అమ్మ తిట్టలేదు, సంబరపడింది.

మీరు ఎవరికైనా డబ్బు కట్టేటట్టుంటే ఏ కాలర్ వాడతారో కాగితం మీద రాయించుకోండి. చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి చూస్తామనండి, కుదరదంటే కుక్కని ఇవ్వకండి. అప్పగించేటప్పుడూ, తెచ్చుకునేటప్పుడూ మెడ దగ్గర ఫోటోలు తీసుకోండి. మా దగ్గర ముందు ఫోటోలు లేవని "ఆ పుళ్లు ముందే ఉన్నాయి" అంటున్నారు.

డబ్బు ఇంకా రాలేదు. ఫోన్‌పే రసీదు, డాక్టరు చీటీ పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద పోలీసులకీ చెప్పొచ్చు గానీ, సెక్షన్ 11లో మొదటిసారి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అవును, రూపాయలే.

ఇప్పటికే ఇలాంటి షెడ్డులో కుక్కని వదిలినవాళ్లుంటే ఈరోజే చెప్పకుండా వెళ్లండి. కాలర్ విప్పించి, గొంతు కింద వేళ్లతో తడిమి చూడండి.