జాగ్రత్త: నోటు జారినంత మాత్రాన బ్యారెల్ తేలినట్టు కాదు

చెన్నైలో .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) సాధన చేసే మిత్రులు కొందరు, వచ్చే పోటీల లోపల బ్యారెల్ ఫ్లోటింగ్ (గొట్టాన్ని కర్రకు తగలకుండా తేల్చడం), యాక్షన్ బెడ్డింగ్ (గొట్టం వెనుక బోల్టు ఇమిడే ఇనుప భాగానికి కర్రలో కుదురైన పడక వేయడం) చేయించుకోవాలని చూస్తున్నట్టు రేంజిలో మాటల మధ్య తెలిసింది. వాళ్లలో ఇద్దరు నేను దెబ్బతిన్న చోటికే వెళ్లబోతున్నారని కూడా తెలిసింది కాబట్టి జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. ఆ పనివాని పేరు గానీ, దుకాణం ఉన్న వీధి గానీ చెప్పను. కింద రాసిన గుర్తులు పట్టుకుంటే ఎవరి చేతి పనినైనా మీరే తూచుకోగలరు.

నా రైఫిల్ యూరప్‌లో తయారైన పాతది, వాల్‌నట్ కర్ర స్టాకు (గొట్టాన్నీ యాక్షన్‌నూ మోసే కర్ర భాగం) ఉన్నది. పని చేయించక ముందు, ఒకే లాటు (ఒకే విడతలో తయారైన) తూటాలతో 10 గుండ్లు కాలిస్తే గ్రూపు, అంటే గుండ్లు పరుచుకున్న వెడల్పు, 20 నుంచి 22 మిల్లీమీటర్ల మధ్య వచ్చేది. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే కాబట్టి పోటీలో నిలవడానికి అది చాలదు. స్టాకు విప్పి చూస్తే యాక్షన్ కర్ర మీద రెండు మూడు చోట్ల మాత్రమే ఆనుతున్నదనీ, బ్యారెల్ ముందు భాగం ఎడమ పక్క కర్రకు తగులుతున్నదనీ కనబడింది. గుండు బయటికి వెళ్లే లోపల బ్యారెల్ కంపిస్తుంది. ఆ కంపనం ప్రతిసారీ ఒకే తీరుగా ఉంటే గుండ్లు ఒకచోట పడతాయి, మధ్యలో కర్ర ఒకసారి తగిలి ఒకసారి తగలకపోతే చెదురుతాయి. .22 కి వెనుక తన్ను తక్కువే అయినా, మ్యాచ్ తూటా శబ్దవేగం కంటే మెల్లగా పోతుంది, అంటే బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, కనుక ఈ లోపం దాన్ని ఎక్కువగానే పట్టి పీడిస్తుంది. అందువల్ల బ్యారెల్‌ను కర్రకు తగలకుండా విడిపించడం, యాక్షన్ కింద ఎపాక్సీ పోసి దానికి సరిపోయే పడకను ఏర్పరచడం అనే రెండు పనులూ నా రైఫిల్‌కు నిజంగానే అవసరం. అవసరం విషయంలో నేను పొరపడలేదు. పొరపాటు మనిషిని ఎంచుకోవడంలో జరిగింది.

"మాది సూళ్లూరుపేట సార్" అన్నాడు నేను వెళ్లిన పనివాడు. మన భాష చెవిన పడేసరికి అడగవలసిన ప్రశ్నల్లో సగం నాకు నేనే మింగేశాను. గోడకు ఒక టార్గెట్ కాగితం అంటించి ఉంది. అందులో అయిదు గుండ్లు ఒక బొట్టుబిళ్లంత చోట పడి ఉన్నాయి. అది ఏ రైఫిల్, ఏ తూటా, ఎన్ని గ్రూపుల్లోంచి ఏరి తీసినది అని అడగలేదు. అయిదు గుండ్ల గ్రూపు పది గుండ్ల గ్రూపు కంటే సహజంగానే చిన్నగా వస్తుందని తెలిసి కూడా అడగలేదు. రెండు పనులకూ కలిపి 18,000 రూపాయలు చెప్పాడు, బేరమాడకుండా ఒప్పుకున్నాను.

ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను. ఆయుధాల చట్టం, 1959 లోని 5వ సెక్షన్ కింద తుపాకుల మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. ఎపాక్సీ గట్టిపడేదాకా రైఫిల్ పనివాని దగ్గరే రాత్రి ఉండిపోతుంది కనుక, ఆయన లైసెన్సు కళ్లారా చూసి, నా రైఫిల్ సీరియల్ నంబరు రాసిన రశీదు తీసుకున్న తరువాతే అప్పగించాను. ఈ మాట వినగానే "మన మధ్య రశీదులెందుకు సార్" అనేవాళ్లు ఉంటారు. అటువంటి చోట స్టాకు మర కూడా విప్పనివ్వకండి.

మూడు వారాల తరువాత, మే నెలలో, రైఫిల్ చేతికి వచ్చింది. ఆయన పది రూపాయల నోటును మడత పెట్టకుండా స్టాకు మూతి దగ్గర బ్యారెల్ కిందికి దూర్చి, యాక్షన్ దాకా సర్రున లాగి చూపించాడు. నోటు ఎక్కడా ఆగలేదు. నేను డబ్బు ఇచ్చేశాను.

ఆ వారమే రేంజిలో కాలిస్తే 10 గుండ్ల గ్రూపు 34 మిల్లీమీటర్లు వచ్చింది. అది కూడా ఒక గుంపు కాదు: ఆరు గుండ్లు ఒకచోట, నాలుగు వాటికి ఎడమ పక్కన విడిగా పడ్డాయి. ఊపిరి తప్పో, ట్రిగ్గర్ తప్పో అనుకుని రెండు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. మూడో రోజు రైఫిల్‌ను ఇసుక సంచీ మీద పెట్టి కాలిస్తే గ్రూపు 22కు దిగింది. స్లింగ్ (ఎడమ చేతిని స్టాకుకు కట్టే పట్టీ) బిగించి పడుకోగానే మళ్లీ 30 దాటింది. అప్పుడు తెలిసింది. నోటు మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, ఆయన తీసిన సందు కూడా ఇంచుమించు అంతే. బల్ల మీద రైఫిల్ ఖాళీగా ఉన్నప్పుడు నోటు జారుతుంది. కానీ ప్రోన్‌లో ఎడమ చేతి స్లింగ్ స్టాకు ముందు భాగాన్ని ఎడమకు లాగుతుంది, కర్ర కొద్దిగా వంగుతుంది, కుడి పక్క గోడ వచ్చి బ్యారెల్‌కు ఆనుతుంది. స్టాకు విప్పి చూస్తే ఆ కుడి గోడ మీద, మూతికి నాలుగు వేళ్ల వెనుక, చిటికెన వేలి గోరంత పొడవున నల్లటి మెరుపు గీత ఉంది. కొత్తగా గీకిన కర్ర మీద బ్యారెల్ రంగు రాసుకుని పడిన మచ్చ అది.

ఇక పడక సంగతి. యాక్షన్ అడుగున ఉండి తన్నును కర్రకు అందించే రికాయిల్ లగ్ అనే చిన్న దిమ్మె వెనుక ముఖం మాత్రమే ఎపాక్సీకి గట్టిగా ఆనాలి. దాని ముందు, పక్కల, అడుగున సందు ఉండాలి. అందుకోసం ఎపాక్సీ పోయక ముందు ఆ ముఖాలకు టేపు అంటిస్తారు, తరువాత పీకేస్తారు. నా రైఫిల్‌లో టేపు జాడే లేదు. లగ్ నాలుగు వైపులా బిగుసుకుపోయి, అడుగు కూడా ఎపాక్సీ మీద నిలబడి ఉండటంతో, యాక్షన్ తన పడక మీద కూర్చోకుండా లగ్ మీద ఉయ్యాల పలకలాగా ఊగుతున్నది. స్టాకులోంచి పైకి తీయడానికి రబ్బరు సుత్తితో తట్టవలసి వచ్చింది. తీసిన తరువాత ఎపాక్సీలో పప్పుగింజలంత గాలి బుడగల గుంటలు కనిపించాయి. బొటనవేలి గోరు నొక్కితే అచ్చు పడింది. అది బెడ్డింగ్‌కు వాడే, ఉక్కుపొడి కలిసి ఒక రోజంతా గట్టిపడే రకం కాదు, నిమిషాల్లో పట్టుకునే ఇంటి మరమ్మతుల బంక. ఎండాకాలంలో, మనవాళ్లు అగ్నికర్తరి అనీ ఇక్కడివాళ్లు అగ్నినక్షత్రం అనీ పిలిచే రోజుల్లో, మధ్యాహ్నం కారు డిక్కీలో రైఫిల్ పెట్టుకుని రేంజికి పోతే అటువంటి బంక ఏమవుతుందో వేరే చెప్పాలా.

మరలు దూరే రంధ్రాల పని ఇంకా అధ్వాన్నంగా ఉంది. యాక్షన్ మరలు స్టాకులోని రంధ్రాల గోడలకు తగలకూడదు. తగిలితే తన్ను లగ్‌కు బదులు మర మీద పడుతుంది. నా రైఫిల్ ముందు వైపు మర ఒక పక్క బంకలోనే పాతుకుపోయి, ఆ బంక మీద మరచుట్ల అచ్చులు కూడా పడ్డాయి. మెత్తని కర్ర నలగకుండా ఉండటానికి మరల చుట్టూ అల్యూమినియం పిల్లర్లు (చిన్న గొట్టాలు) వేస్తానని చెప్పి వేయలేదు. బంక ఆరేటప్పుడు మరలను బలంగా బిగించి ఉంచాడని కూడా తేలింది. అలా బిగిస్తే యాక్షన్ వంగిన స్థితిలోనే పడక తయారవుతుంది, ఆ తరువాత బిగించిన ప్రతిసారీ అది వంగుతూనే ఉంటుంది.

ఇది ఊహ కాదని చూపే పరీక్ష ఒకటి ఉంది, ఖర్చు కూడా పెద్దగా లేదు. ముందుగా బోల్టు తీసి, చాంబరు ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకోవాలి. డయల్ గేజ్‌ను (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) బ్యారెల్‌కు బిగించి, దాని కొలిచే మొనను స్టాకు మూతికి ఆనించి, రెండు మరలూ తయారీదారు పుస్తకంలో రాసిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాక, ముందు మరను మెల్లగా వదులు చేస్తూ ముల్లును గమనించాలి. పడక సరిగ్గా ఉంటే ముల్లు 0.05 మిల్లీమీటరు లోపలే కదలాలి. అంబత్తూరులో లేత్ పని చేసే మా బావమరిది గేజ్ తెచ్చి పెడితే, ముల్లు 0.3 దాకా వెళ్లింది. మర బిగిస్తే వెనక్కి, వదిలితే ముందుకు. "బావగారూ, ఇది తుపాకీనా, త్రాసా?" అన్నాడు.

పనివాని దగ్గరికి వెళ్లి అన్నీ చూపించాను. మొదట తూటాలు మంచివి కావన్నాడు. తరువాత బ్యారెల్ అరిగిందన్నాడు. లగ్ ముందు టేపు ఎందుకు వేయలేదని అడిగితే, ".22 కి అదంతా అక్కర్లేదు సార్" అన్నాడు. అక్కర్లేని పనికి 18,000 ఎందుకు తీసుకున్నట్టు?

అక్కర్లేదన్న ఆయన మాటలో మాత్రం కొంత నిజముంది, దాన్ని దాచను. ప్రతి బ్యారెల్ పూర్తిగా తేలితేనే బాగుంటుందని నియమం లేదు. సన్నని బ్యారెల్ ఉన్న కొన్ని రైఫిళ్లకు స్టాకు మూతి దగ్గర కర్ర కొద్దిగా పైకి నొక్కుతూ ఉంటేనే గ్రూపు కుదురుగా వస్తుంది. అందుకే కర్ర చెక్కే ముందు, యాక్షన్ కింద సన్నని రేకు ముక్క పెట్టి బ్యారెల్‌ను తాత్కాలికంగా లేపి, ఒకటి రెండు గ్రూపులు కాల్చి చూడమని తెలిసినవాళ్లు చెబుతారు. చెక్కిన కర్ర తిరిగి రాదు. ముఖ్యంగా ఇషాపూర్ కర్మాగారపు .315 రైఫిల్ ఉన్నవాళ్లు ఈ పని జోలికి తొందరపడి పోవద్దు. అది పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ వంశానికి చెందిన యాక్షన్, స్టాకు రెండు ముక్కలు. ముందు కర్ర వెనుక భాగం యాక్షన్‌కు ఎంత సరిగ్గా అతికిందన్న దాని మీదే అన్నీ ఆధారపడి ఉంటాయి. ఒంటి ముక్క స్టాకుకు చేసే వైద్యం దానికి చేస్తే రోగం ముదురుతుంది.

రైఫిల్‌ను మరొకరి చేత బాగు చేయించాను. ఆ పెద్దాయన పాత బంకంతా ఉలితో తొలగించి, పిల్లర్లు వేసి, మరల రంధ్రాలు పెద్దవి చేసి, యాక్షన్‌కు మైనం రాసి, లగ్‌కు ముందు, పక్కల, అడుగున టేపు అంటించి, మరలకు బదులు తలలేని గైడు కడ్డీలు పెట్టి, యాక్షన్‌ను దాని బరువుతోనే ఎపాక్సీలో కూర్చోబెట్టి రెండు రోజులు కదపలేదు. బ్యారెల్ చుట్టూ మిల్లీమీటరున్నర సందు తీశారు. ముందటివాడు వదిలేసిన ఇంకో తప్పు ఆయనే చూపించారు. చెక్కిన కర్రకు ఏ పూతా లేదు. చెన్నై గాలిలో, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే ఐప్పసి, కార్తిగై అనే తమిళ మాసాల వానల్లో, పూత లేని కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది. మేలో జారిన నోటు నవంబరులో ఇరుక్కుంటుంది. ఆయన లోపలి గాడికి మూడు సార్లు వార్నిష్ పూసి ఇచ్చారు. ఇప్పుడు గేజ్ ముల్లు 0.03 దగ్గర ఆగుతున్నది. అదే లాటు తూటాలతో, స్లింగ్ మీద, 10 గుండ్ల గ్రూపులు అయిదు కాలిస్తే 15 నుంచి 18 మిల్లీమీటర్లు వచ్చాయి. గోడ మీది ఆ బొట్టుబిళ్ల కాగితమంత కాదు. నాకు చాలు.

పని చేయించబోయేవారు డబ్బు ఇవ్వక ముందే, ఆ బల్ల దగ్గరే, నోటుకు బదులు పాత ఏటీఎం కార్డును సన్నని పట్టీగా కత్తిరించి లాగి చూడండి. కార్డు మందం 0.76 మిల్లీమీటరు, అది జారితేనే సందు ఉన్నట్టు. తరువాత స్టాకు మూతిని చేత్తో పక్కకు గట్టిగా నొక్కి పట్టుకుని మళ్లీ లాగండి. మీ ముందే స్టాకు విప్పమనండి. సుత్తి అవసరమైతే లగ్ బిగిసినట్టే. ఎపాక్సీ మీద గోరు నొక్కండి, మర కాడను వెలుతురులో చూడండి. విప్పి చూపించడానికి ఒప్పుకోని మనిషికి పూర్తి డబ్బు ఇవ్వకండి. పనికి ముందు, తరువాత, ఒకే లాటు తూటాలతో మీరే కాల్చిన 10 గుండ్ల కాగితాలు తేదీ వేసి దాచుకోండి. నా దగ్గర ముందటి కాగితాలు ఉండబట్టే ఆయన బ్యారెల్ అరిగిందన్న మాట అక్కడ నిలవలేదు.

రెండో పనికి 14,000 అయ్యింది. మొదటి పనివాడు చివరికి 5,000 తిరిగి ఇస్తానన్నాడు. ఎందుకు ఇస్తున్నాడో రశీదు మీద ఒక ముక్క రాయమన్నాను. పెన్ను తెస్తానని లోపలికి వెళ్లి, అరగంట దాకా రాలేదు.