మూడేండ్ల నుంచి పోతాన్నా: మా కర్నూలు లైబ్రరీలో బొమ్మల నవలలు, ఆదివారం ప్రోగ్రాములు

మాది కర్నూలు, పాతబస్తీ తట్టు. మా ఇంటికి దగ్గర్లో ఉండే ఒక గవర్నమెంటు లైబ్రరీ గురించి రాస్తాన్నా. ఏది అని పేరు పెట్టడం లేదు, ఎందుకంటే ఇబ్బందులు కూడా చెప్పాలి, ఆడ పనిచేసేవాళ్ళు మంచోళ్ళు, నా వల్ల వాళ్ళకు మాట రాకూడదు. నేను మెడికల్ షాపులో పనిచేస్తా, షిఫ్ట్ లేని సాయంత్రాలు, ఆదివారం పొద్దున మా పాపను తీసుకొని పోతా. 2022లో కార్డు చేయించుకున్నా, అప్పుడు పాప నాలుగో తరగతి, ఇప్పుడు ఏడు.

అంతకుముందు లైబ్రరీ అంటే పేపర్ చదివే పెద్దాయనలు, కుర్చీ మీద కర్చీఫ్ వేసి సీటు పెట్టుకునే గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పిల్లోళ్ళు, అంతే. చిన్నపిల్లలకు, ఆడవాళ్ళకు ఆడ ఏం పని అనిపించేది. మేము పోవడానికి కారణం కూడా వేసవి విజ్ఞాన శిబిరమే, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు కథలు, డ్రాయింగు పెడతారని పక్కింటామె చెప్తే పోయినాం. ఆ శిబిరంలోనే ఫస్ట్‌టైం బీరువా తీసి ఈ బొమ్మల నవలలు బయట పెట్టినారు.

గ్రాఫిక్ నావెల్ అంటే ఏందో నాకు అప్పుడు తెలీదు. కామిక్ అనుకున్నా. మా నాయన చందమామ చదివిన మనిషి, శంకర్ గారి విక్రమార్కుడు భుజాన శవం వేసుకొని కత్తి పట్టుకొని నడిచే బొమ్మ ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు చెప్తాడు, కానీ అందులో కథ వేరే, బొమ్మ వేరే, బొమ్మ తీసేసినా కథ నడుస్తాది. దీంట్లో అట్ల కాదు. సగం కథ బొమ్మలోనే ఉంటాది, మాట చెప్పకుండా బొమ్మ చెప్తాది, పేజీలో ఒక్కో బొమ్మకు ఒక్కో డబ్బా గీసి ఉంటాది, డబ్బాకీ డబ్బాకీ మధ్య ఉండే ఖాళీలో ఏం జరిగిందో మనమే అనుకోవాలి. మా పాపకు తెలుగు గుణింతాలు కూడా తడబడతాండే ఆ టైంలో, చదవమంటే ఏడుపు, అట్లాంటిది బొమ్మల పుస్తకం చేతిలో పెడితే గంటన్నర కదల్లేదు. ఆ గంటన్నర చూసే నేను కార్డు చేయించుకున్నా.

ఇప్పుడు బీరువాలో నేను లెక్కపెట్టినవి 70 దాకా ఉన్నాయి. మొదట్లో 20 కూడా లేవు. ఒకాయన కొన్ని ఇచ్చినారంట, కొన్ని కొన్నారంట. అందులో తెలుగువి ఏడే ఏడు, అవి కూడా పురాణాలు, జీవిత చరిత్రలు. మిగతావన్నీ ఇంగ్లీషు. ఇది అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, నేను మూడేండ్లుగా ప్రతి సలహాల పుస్తకంలో రాస్తానే ఉన్నా. కర్నూలు గవర్నమెంటు బడి పిల్లోడికి బొమ్మల్లో మనుషుల మాటలు రాసే బుడగల్లో పెద్దపెద్ద ఇంగ్లీషు పెట్టి చదువుకో అంటే ఏం చదువుతాడు, రెండు పేజీలు తిప్పి పెట్టేస్తాడు. మొదటి సంవత్సరం నిజంగా అట్లనే అయ్యింది, పుస్తకాలు కొత్తవి కొత్తగానే ఉండిపోయినాయి.

దాన్ని మార్చింది ఆదివారం ప్రోగ్రాము. లైబ్రేరియన్ మేడం, ఒక బీఎడ్ అమ్మాయి కలిసి మొదలుపెట్టినారు, పెద్ద పేరేం లేదు, "ఆదివారం బొమ్మల పుస్తకం" అని బోర్డు మీద చాక్‌పీస్‌తో రాస్తారు. ఒక టేబుల్ చుట్టూ పది పన్నెండు మంది కూర్చుంటాం, పిల్లలు, అమ్మలు, ఒకరిద్దరు పెద్దాయనలు. పద్ధతి ఏందంటే పేజీ తిప్పినాక ముందు ఎవరూ మాట్లాడకూడదు, బొమ్మ చూడాలి. తర్వాత ఒకరు ఏం జరుగుతాందో చెప్పాలి. అప్పుడు ఆ అమ్మాయి బుడగలో ఉండేది తెలుగులో చెప్తాది. కొన్నాళ్ళకు పిల్లలు ఆ తెలుగు మాటలు పసుప్పచ్చ స్టిక్కీ చీటీల మీద రాసి బుడగల మీద అంటించడం మొదలుపెట్టినారు. మేడం ముందు వద్దన్నారు, స్టాక్ వెరిఫికేషన్‌కు వస్తే పుస్తకం పాడుచేసినారంటారు అని, తర్వాత చీటీ తీస్తే మరక పడటం లేదని చూసి ఒప్పుకున్నారు. ఇప్పుడు నాలుగు పుస్తకాలు అట్ల పూర్తిగా తెలుగు అయిపోయినాయి, మా పాప చేతిరాత కూడా ఉంది అందులో.

అట్ల తెలుగు చేసినదాంట్లో మొదటిది భీమాయన. అంబేద్కర్ గారి జీవితం మీద 2011లో వచ్చిన పుస్తకం, బొమ్మలు వేసింది మధ్యప్రదేశ్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. మామూలు కామిక్ లాగా దీంట్లో డబ్బాలు ఉండవు, పేజీ మొత్తం నెమళ్ళు, చేపలు, చెట్లు, గీతలు గీతలుగా పారతాంటాది, ముందు చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. మా పాప కంటే చిన్న పాప ఒకామె అడిగింది, అక్కా కొన్ని మాటలకు పిట్ట బొమ్మ ఉంది, కొన్నిటికి తేలు కొండి ఉంది ఎందుకు అని. నేను అప్పటికి రెండుసార్లు తిరగేసినా, గమనించనే లేదు. మెత్తటి మాట మాట్లాడేవాళ్ళ బుడగ పిట్ట ఆకారం, కులం పేరుతో కుట్టే మాట మాట్లాడేవాళ్ళ బుడగకు తేలు తోక. చిన్నప్పుడు అంబేద్కర్ గారిని నీళ్ళు తాగనియ్యని బడి సంగతి వచ్చినప్పుడు టేబుల్ దగ్గర ఒక పిల్లోడు గట్టిగా ఏం మాట్లాడకుండా ఆ తేలు కొండి మీద వేలు పెట్టి అట్లనే ఉంచినాడు. బీఎడ్ అమ్మాయి కూడా తొందరపెట్టలేదు. ఆ రోజు ఒక్క పేజీయే అయ్యింది, అయినా ఆ రోజు చానా చదివినట్టు అనిపించింది నాకు.

ఇంకోటి చెప్పాలి, ఇది నేను ఎప్పటికీ మర్చిపోను. అరైవల్ అని షాన్ టాన్ అనే ఆస్ట్రేలియా ఆయన పుస్తకం, 2006లో వచ్చింది. ఇందులో ఒక్క అక్షరం కూడా లేదు, అంతా పెన్సిల్ బొమ్మలే. ఒకాయన పెండ్లాన్ని, కూతుర్ని ఇంట్లో పెట్టి పెట్టె సర్దుకొని తెలీని దేశానికి పనికి పోతాడు, అంతే కథ. మా పాప క్లాసు అమ్మాయి వాళ్ళ అమ్మ, వాళ్ళది కోసిగి తట్టు, ఇక్కడ ఇండ్ల పనులకు బేల్దారి దగ్గర పోతాది, ఆమెకు చదువు రాదు. కూతురి కోసం వచ్చి గోడకు ఆనుకొని కూర్చునేది, టేబుల్ దగ్గరికి రమ్మంటే నాకేం తెల్సు అక్కా అనేది. ఆ రోజు ఈ పుస్తకం తీసినాక మెల్లగా లేచి వచ్చింది. ఆయన పెట్టెలో ఫోటో సర్దుకునే బొమ్మ చూసి "ఈయన సుగ్గికి పోతాండాడు" అనింది.

సుగ్గి అంటే మా జిల్లా పడమటి తట్టువాళ్ళకు చెప్పనక్కర్లేదు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు అటు ఊర్లల్లో పనుల్లేక, ఇండ్లకు తాళాలేసి మిరపకాయలు కోయడానికి, పత్తి ఏరడానికి గుంటూరు తట్టు పోతారు. పిల్లల్ని ముసలోళ్ళ దగ్గర వదిలిపెట్టి పోతారు, లేదంటే బడి మాన్పించి తోడుకొని పోతారు. పుస్తకంలో ఆయనకు ఆ దేశం రాత రాదు, ఒక పని దొరుకుతాది పోస్టర్లు అంటించడం, అక్షరాలు తెలీక తలకిందులుగా అంటిస్తాడు. పిల్లలు నవ్వినారు. ఆమె నవ్వలేదు. బస్టాండులో బోర్డు చదవరాక నేను ఒకసారి రాత్రంతా కూర్చున్నా అని చెప్పింది, ఎవర్నైనా అడగొచ్చు కదా అంటే, అడిగితే ఇంత మాత్రం తెలీదా అన్నట్టు చూస్తారు అక్కా అనింది. మిగతా పుస్తకం మొత్తం ఆమె చెప్తే మేము విన్నాం. పేజీ ఆమె తిప్పింది. చదువొచ్చిన మేము అంతమంది ఉన్నా ఆ పుస్తకం ఆమెకు అర్థమైనట్టు మాకు కాలేదు, ఇది ఊరికే అంటున్న మాట కాదు.

ఆ తర్వాత మేడం ఆమెకు, ఇంకో నలుగురికి శనివారం సాయంత్రం అక్షరాలు నేర్పించే ఏర్పాటు చేసినారు, ఐదు వారాలు నడిచి వాళ్ళకు పని టైము కుదరక ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాలి. గ్రంథాలయోద్యమం కోసం, పెద్దవాళ్ళ చదువు కోసం అంత తిరిగిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు పుట్టింది మన కర్నూల్లోనే, 1883లో. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో ఆయన ఫోటోకు దండ వేస్తాం, ఈ శనివారం క్లాసు నడిస్తే ఆయన పని చేసినట్టు అయితాది అని నేను మీటింగులో చెప్పినా కూడా.

ప్రోగ్రాముల్లో ఇంకా చెప్పాల్సింది వరద కామిక్. 2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి రోజు, తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊర్లోకి వచ్చింది ఇక్కడ ఉన్నోళ్ళు ఎవరూ మర్చిపోరు, కానీ ఇప్పటి పిల్లలు అప్పటికి పుట్టలేదు. పోయిన ఏడాది వేసవి శిబిరంలో పిల్లలు ఇంట్లో అవ్వ తాతల్ని అడిగి ఆ కథ బొమ్మల్లో వెయ్యాలి అన్నారు. మా పాప మా అత్తను అడిగితే, ఆమె ఇన్నేండ్లలో నాకు కూడా చెప్పని సంగతులు చెప్పింది, మిద్దె మీద రాత్రంతా కుట్టుమిషను పక్కన కూర్చున్నారంట, కింద సామానంతా పోయినా మామ ఆ మిషను ఒక్కటి ఎత్తుకొచ్చినాడంట. పాప ఆ మిషన్ను పేజీ అంత పెద్దగా వేసింది, మనుషులు దాని పక్కన చీమల్లాగా. ఇంకో పిల్లోడు ఒక డబ్బా మొత్తం స్కెచ్ పెన్నుతో నల్లగా పూసేసినాడు, ఏం బొమ్మ రా ఇది అంటే కరెంటు లేదు కదా మేడం, నీళ్ళ సప్పుడే వినపడింది అన్నాడు మా తాత అని. దాని పక్క డబ్బాలో నీళ్ళ ప్యాకెట్లు ఎక్కువ ధరకు అమ్మిన మనిషి మాటకు తేలు కొండి పెట్టినాడు! భీమాయన దగ్గర నేర్చుకున్నది అది, ఎవరూ చెప్పలేదు వాడికి.

ఆ కాగితాలన్నీ జిరాక్స్ తీయించి పిన్ను కొట్టి ఒక పుస్తకం చేసినారు, బీరువాలో పెట్టినారు, నెంబరు కూడా వేసినారు. నా లెక్క ప్రకారం ఎక్కువమంది చేతిలోకి తీసుకునేది అదే, అట్టలు కూడా ఊడిపోయినాయి.

ఇబ్బందులు అన్నా కదా. మొదటి సంవత్సరం బీరువాకు తాళం, అడిగితేనే తీసేది, పిల్లలు అడగడానికి భయపడేవాళ్ళు. ఇప్పుడు తెరిచి పెడతాన్నారు. ఇంటికి మాత్రం ఇంగ్లీషువి ఇవ్వరు, రేటు ఎక్కువ, పుస్తకం పోతే మేమే కట్టాలి అంటారు, వాళ్ళ భయం నాకు అర్థమైతాది కానీ ఆదివారం రాలేనోళ్ళ సంగతేంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ పన్ను అని మనందరం కడతాన్నాం, రసీదు చూసుకోండి, ఆ డబ్బులు టైముకు లైబ్రరీలకు చేరితే ఇంకో సెట్టు కొనడం పెద్ద విషయం కాదు.

రెండోది, బొమ్మలున్నాయి అంటే పిల్లలది అని అన్నీ ఒకే అరలో పెట్టేస్తారు. మౌస్ అని ఆర్ట్ స్పీగెల్మన్ పుస్తకం ఉంది, 1992లో పులిట్జర్ వచ్చింది దానికి, యూదుల్ని ఎలుకలుగా, నాజీల్ని పిల్లులుగా వేసినాడు, ఆయన నాయన నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడిన కథ. ఎలుకలు, పిల్లులు ఉన్నాయని రెండో తరగతి పిల్లోడి చేతికి ఇచ్చినారు, వాడు ఉరి తీసిన బొమ్మ ఉండే పేజీ తెరిచి పెట్టుకొని చూస్తాన్నాడు. నేనే తీసుకొని మేడంకు చెప్పినా. తీసి దాచేయమని చెప్పలేదు, పెద్దవాళ్ళకు వేరే అర చెయ్యమని చెప్పినా, రెండు నెలలు పట్టింది కానీ చేసినారు. ఆ అరలో ఇరాన్ అమ్మాయి కథ పెర్సెపోలిస్ కూడా ఉంది, డిగ్రీ చదివే ఆడపిల్లలు ఎక్కువ తీసుకుంటాన్నారు, నేను దాన్ని మూడుసార్లు చదివినా.

బాత్రూము సంగతి కూడా చెప్తా, ఆడవాళ్ళకు ఉంది కానీ నీళ్ళు రావు సగం రోజులు. రెండు గంటల ప్రోగ్రాముకు చిన్నపిల్లలతో వచ్చే అమ్మలు దీనివల్లే మానుకున్నారు ముగ్గురు. మా దాంట్లో శుక్రవారం సెలవు, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పది దాటితే రేకుల గదిలో కూర్చోలేం, ఎనిమిదికే పొండి.

పిల్లలకు ఇంగ్లీషు రాదు కదా అని ఆగకండి, ఆదివారం రండి, టేబుల్ దగ్గర ఎవరో ఒకరు తెలుగులో చెప్తారు. ఇంట్లో స్టిక్కీ చీటీల కట్ట ఉంటే ఒకటి తెచ్చి ఇవ్వండి, ఇప్పుడు అయిదో పుస్తకం సగంలో ఉంది, చీటీలు అయిపోయినాయి. కోసిగి అక్క సంక్రాంతి అయినాక మళ్ళీ సుగ్గికి పోతాదంట, ఈసారి కూతుర్ని మాత్రం ఇక్కడే మా ఇంట్లో పెట్టి పొమ్మని అడిగినా, ఇంకా ఏం చెప్పలేదు.