బతుకమ్మ రాత్రి ఫొటోలకు ఐఎస్ఓ పెంచడం మేలా, షట్టర్ వేగం తగ్గించడం మేలా?

కొత్తగా కెమెరా కొన్నవాళ్లలో చాలామందికి ఐఎస్ఓ, అంటే అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, పెంచాలంటే భయం. పెంచితే ఫొటో అంతా చుక్కలు చుక్కలుగా వస్తుందని ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటారు. నేనూ మొదటి ఏడాదంతా 800 దాటలేదు. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు వీధి లైటు కింద తీసిన ఫొటో ఒకటి ఇంకా నా దగ్గరుంది. అందులో బతుకమ్మ మీది గునుగు పూలు విడివిడిగా కనిపిస్తాయి. పక్కనే వంగి చప్పట్లు కొడుతున్న అమ్మ ముఖం మాత్రం అలుక్కుపోయింది. కెమెరా వెనక చిన్న స్క్రీన్‌లో చూసినప్పుడు బాగానే అనిపించింది. ఇంటికొచ్చి పెద్దగా చేసి చూస్తే తెలిసింది.

అప్పుడు నేను పెట్టింది ఐఎస్ఓ 800, షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 15వ వంతు. పూలు కదలవు కాబట్టి వాటికి అది చాలింది, అమ్మకి చాలలేదు. ఐఎస్ఓని రెట్టింపు చేసిన ప్రతిసారీ షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సగానికి తగ్గించుకోవచ్చు. 800 నుంచి 1600, 3200, 6400 దాకా మూడు మెట్లు ఎక్కితే, అదే వెలుతురులో షట్టర్ 125వ వంతు దగ్గరికి వచ్చేది. చేతులు కొంచెం చెదిరినా ముఖం నిలిచేది.

గ్రెయిన్, అంటే ఆ చుక్కలు, వచ్చేది నిజమే. ఐఎస్ఓ పెంచితే లోపలికి కొత్తగా వెలుతురేమీ రాదు. అందిన కాస్త వెలుతురు తాలూకు సిగ్నల్‌నే కెమెరా పెంచి చూపిస్తుంది. గ్రెయిన్‌కి అసలు కారణం వెలుతురు తక్కువ అందడమే. అందుకే ఐఎస్ఓ తక్కువ పెట్టి చీకటిగా తీసి, తర్వాత ఎడిటింగ్‌లో వెలుతురు పెంచినా గ్రెయిన్ తప్పదు. చాలా కెమెరాల్లో ఇంకా ఎక్కువే వస్తుంది. గ్రెయిన్‌ని సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన ముఖాన్ని మాత్రం తిరిగి తెచ్చుకోలేం.

కాబట్టి మనుషులు కదులుతుంటే నా ఓటు ఐఎస్ఓ పెంచడానికే. ఆట మొదలుకాకముందు, దీపం పెట్టిన బతుకమ్మను ఒక్కదాన్నే తీయాలంటే మాత్రం షట్టర్ వేగం తగ్గించడమే మేలు, అంటే షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచడం. ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్ఓ 100కి దించి, రెండు సెకన్ల సెల్ఫ్ టైమర్‌తో తీయండి. తంగేడు పసుపు ఎంత నిండుగా వస్తుందో చూడండి. గాలికి రేకులు ఊగకపోతే చాలు.

డబ్బు పెట్టగలిగితే మూడో దారి కూడా ఉంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది. జూమ్ చేసినప్పుడు కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ అంతకు తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి తెస్తుంది. 6400 అవసరమైన చోట దాదాపు 640తో పని జరుగుతుంది. కానీ ఫోకస్ చాలా పల్చగా ఉంటుంది. ఒకరి కళ్లకు ఫోకస్ పెడితే వెనక వరుసలో ఆడేవాళ్లు మసకబారతారు.

కొత్త లెన్స్ కొనేదాకా, వెలుతురును బట్టి కెమెరాయే ఐఎస్ఓ ఎంచుకునే ఆటో ఐఎస్ఓ పెట్టుకోండి. గరిష్ఠం 6400, కనీస షట్టర్ వేగం సెకనులో 125వ వంతు. ఈసారి అమ్మ ఫొటో నేను అలాగే తీస్తాను.