వైజాగ్‌లో 'సాహితీ సాయంత్రం' టికెట్ కొంటున్నారా? ముందు ఆ ఫారం చదవండి

పోయిన నెల సిరిపురం దగ్గర ఒక హోటల్ హాల్లో జరిగిన సాహితీ సాయంత్రానికి వెళ్ళాను. వచ్చే నెల బీచ్ రోడ్డులో మళ్ళీ పెడుతున్నారని నిన్న వాట్సాప్‌లో పోస్టర్ వచ్చింది, అవే మాటలతో. అందుకే రాస్తున్నాను. నిర్వాహకుల పేరు ఇక్కడ పెట్టడం లేదు. పోస్టర్ మీ దాకా వస్తే పోల్చుకోగలరు.

టికెట్ 799 రూపాయలు. 'పాతిక మందికే అవకాశం, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు, తోటి రచయితలతో, చిత్రకారులతో కబుర్లు, రాత్రి భోజనం' అన్నారు. కథ చదివాక నలుగురు కూర్చుని మాట్లాడుకుంటారు కదా అని ఆశపడ్డాను. మా ఆఫీసులో కథ అంటే సీరియల్ కథే మరి.

వెళ్ళేసరికి రిజిస్టర్‌లో అరవై మంది దాటిపోయారు. లెక్క వేసుకోండి, అరవై మందికే 47,940. అయిదున్నరకి అన్నది ఆరుంబావుకి మొదలైంది. దీపం, ప్రార్థన, శాలువాలు, మెమెంటోలు, ముఖ్య అతిథి ప్రసంగం అయ్యేసరికి ఏడున్నర. ఎనిమిదిన్నరకి హాలు ఖాళీ చెయ్యాలట. దాంతో ఏడు నిమిషాలు కాస్తా తొంభై సెకన్లయింది. తొంభై సెకన్లలో కథేం చదువుతాం? మొదటి పేరా చదివి దిగిపోయాను.

నా పక్కన అనకాపల్లి నుంచి వచ్చిన రిటైరైన మాస్టారు ఒకాయన కూర్చున్నారు. బెల్లం గానుగ మీద సీసపద్యం రాసుకొచ్చారు. సీసం నాలుగు పాదాలూ అయ్యాయి, సీసాన్ని ముగించే ఎత్తుగీతి అందుకోబోతుంటే మైకు కట్ చేశారు. పద్యం తెలిసినవాళ్ళెవరూ అక్కడ ఆపరు. "పోన్లెండమ్మా, బస్సుకి టైమయింది" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నాకు డబ్బుకన్నా అదే ఎక్కువ బాధేసింది. చివర్లో పదిహేను మందికి అసలు మైకే అందలేదు. భోజనం అంటే ఒక సమోసా, టీ. ఆ టీ కూడా వెనక వరుసల దాకా రాలేదు.

ఇక్కడితో అయిపోతే 'పోనీ, 799 పోయింది' అనుకుని ఊరుకునేదాన్ని. అసలు సంగతి గుమ్మం దగ్గర సంతకం చేసిన కాగితంలో ఉంది. హాజరు పట్టీ అన్నారు, వెనక జనం తోసుకుంటున్నారు, చేసేశాను. మూడు రోజుల తర్వాత ఫోను: "మేడమ్, మీ కథ సంకలనానికి ఎంపికైంది, 3,500 కట్టాలి, ఐఎస్‌బీఎన్ ఛార్జీ కూడా అందులోనే." ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు. వద్దన్నాను. "మీరు హక్కులు ఇచ్చేశారు కదా, కట్టకపోయినా వీడియోలో వాడుకుంటాం" అన్నాడా అబ్బాయి, చాలా మర్యాదగానే. కాగితం ఫోటో పంపమంటే పంపాడు. కింద చిన్న అక్షరాల్లో ఉంది: 'సమర్పించిన రచనలపై సర్వహక్కులు నిర్వాహకులవే. డబ్బు తిరిగి ఇవ్వబడదు.'

మా బావగారు లాయరు. ఆయనకి చూపిస్తే నవ్వారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసివ్వాలంటే ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం అన్నది కాగితంలో ఉండాలట. ఈ ఫారంలో కథ పేరే లేదు. కాలం రాయకపోతే చట్టం అయిదేళ్ళుగానే లెక్కేస్తుంది కాబట్టి హక్కులు శాశ్వతంగా వాళ్ళవే అనడం ఎలాగూ నిలవదన్నారు. కానీ సంతకం పెట్టాక వాదించుకోవడం కంటే పెట్టకుండా ఉండటం తేలిక. నచ్చని వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి పక్కన సంతకం చేసి, ఫోటో తీసుకోమన్నారు.

ఐఎస్‌బీఎన్ సంగతి మాత్రం నాకే తెలుసు. మన దేశంలో అది ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. దానికి విడిగా ఛార్జీ అడిగారంటే అక్కడే ఆగిపోండి.

కట్టేముందు ఇంకో రెండు అడగండి. ఎంతమందిని తీసుకుంటున్నారు, నా వంతుకి ఎన్ని నిమిషాలు. జవాబు ఫోనులో కాదు, మెసేజ్‌లో రావాలి. నాకు 'పాతిక మంది' అన్న మెసేజ్ ఉంది కాబట్టే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టగలిగాను. అన్నట్టు, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో నేను వెళ్ళిన సాహిత్య సభలు దేనికీ టికెట్ లేదు. కుర్చీలు కొంచెం గట్టివి, అంతే.

కథ వాడుకోవడానికి నా అనుమతి లేదని నిర్వాహకులకి మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. ఆ సాయంత్రం మీరూ వచ్చి ఉంటే మీ ఫారం ఫోటో అడిగి తెప్పించుకోండి. మాస్టారి నంబరు తీసుకోలేదు, ఎవరికైనా తెలిస్తే ఆయనకి ఈ సంగతి చెప్పండి. ఎత్తుగీతి కూడా వినాలనుందని చెప్పండి.