పదో తరగతి కార్బన్ ప్రయోగాల కిట్: సామాను బాగుంది, సూచనల కాగితాన్ని నమ్మొద్దు

హనుమకొండలో ల్యాబ్ సామాన్లు అమ్మే చోట 1,450 రూపాయలకు దొరుకుతున్న కిట్ ఇది. కార్బన్ సమ్మేళనాల పాఠంలో బడిలో చేయగలిగే ప్రయోగాలకు దాదాపు అన్నీ ఉన్నాయి. పరీక్షనాళికలు బోరోసిలికేట్ గాజువి, వేడికి తట్టుకుంటాయి. ఆ గాజుకే ఈ ధర ఇవ్వొచ్చు.

మొదటి చిక్కు ఎస్టర్ (ఆల్కహాల్, ఆమ్లం కలిసి ఏర్పడే తియ్యటి వాసన పదార్థం) ప్రయోగం దగ్గర. నాళికను నేరుగా మంట మీద వేడిచేయమని కాగితంలో రాశారు. ఇది ప్రమాదం. ఇథనోల్ 78 డిగ్రీలకు, తయారయ్యే ఎస్టర్, అంటే ఇథైల్ ఎసిటేట్, 77 డిగ్రీలకు మరుగుతాయి. మంట తగిలితే ఎస్టర్ పుట్టీపుట్టగానే ఆవిరైపోతుంది, ఆ ఆవిరి అంటుకోవచ్చు కూడా. ఇట్లా చేయండి: ఇథనోల్, గ్లేషియల్ (నీళ్లు దాదాపు లేని) ఎసిటిక్ ఆమ్లం ఒక్కో మిల్లీలీటరు పోసి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నాలుగైదు చుక్కలు వేయాలి. బీకరులో నీళ్లు 60 డిగ్రీల దాకా కాచి, దీపం ఆర్పేసి, నాళికను అందులో పదిహేను నిమిషాలు నిలబెట్టాలి. తర్వాత చెంచాడు వంటసోడా కలిపిన 30 మిల్లీలీటర్ల నీళ్లలోకి కొద్దికొద్దిగా ఒంపాలి. మిగిలిన ఆమ్లం బుసబుస పొంగి పోతుంది. అప్పుడే నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి తియ్యటి వాసన విడిగా తెలుస్తుంది. ఉత్త నీళ్లలో పోస్తే ఆమ్లం ఘాటే ముక్కుకు కొట్టి, పిల్లలు ప్రయోగం తప్పిందనుకుంటారు. వాసన చేత్తో విసురుకునే చూడాలి.

ఎసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికాలం పొద్దున సీసా గడ్డయితే చెడిపోయిందని పారబోయొద్దు. మూత కాస్త వదులు చేసి గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది.

ఇథనోల్‌ను ఆక్సీకరణం చేసి ఎసిటిక్ ఆమ్లంగా మార్చే ప్రయోగానికి 5 శాతం పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం చెప్పారు. 1 శాతం చాలు. చిక్కగా ఉంటే రంగు పోవడం కనిపించకముందే గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ మడ్డి నాళికకు పట్టేస్తుంది. అది ఉత్త నీళ్లకు వదలదు, ఆక్సాలిక్ ఆమ్లంతో కడిగితే పోతుంది.

సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసాకు రబ్బరు తిత్తి డ్రాపర్ బిగించి ఇవ్వడం మాత్రం క్షమించరానిది. ఆమ్లం తగిలి రబ్బరు నల్లబడి పగుళ్లిస్తుంది. గట్టి మూత పెట్టుకుని, చుక్కలకు వేరే గాజు డ్రాపర్ వాడి వెంటనే కడగాలి.

సబ్బుకు కావలసిన ఆముదం కిట్‌లో లేదు. 20 మిల్లీలీటర్ల నూనెకు 20 శాతం కాస్టిక్ సోడా ద్రావణం 30 మిల్లీలీటర్లు పడుతుంది. ఆ సోడాను పల్చటి కవర్లో కట్టారు. తేమ పీల్చుకుంటే తూకంలో సగం నీళ్లే, సబ్బు గట్టిపడదు. కొనేటప్పుడే కవర్ పైనుంచి చూసి, పలుకులు విడివిడిగా ఉంటేనే తీసుకోండి.