.22 కన్వర్షన్ యూనిట్ శుభ్రం చేయాలంటే మొత్తం విప్పాలా, పైపైన విప్పితే సరిపోతుందా?

కన్వర్షన్ యూనిట్ అంటే పెద్ద తూటాల (.45) పిస్టల్‌తోనే చిన్న .22 తూటాలు కాల్చేలా దాని పైభాగాన్ని మార్చే భాగాల సెట్. .45 పిస్టల్ ఫ్రేమ్ మీద దాన్ని బిగించి ప్రాక్టీస్ చేసేవాళ్ల మధ్య ఈ వాదన నడుస్తూనే ఉంటుంది. స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం), బ్యారెల్, స్ప్రింగ్ వరకు విప్పి తుడిస్తే చాలంటారు కొందరు. ఫైరింగ్ పిన్ (తూటాని పేల్చే సూది), ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా కేసుని, అంటే ఖాళీ గొట్టాన్ని, బయటికి లాగే కొక్కెం) కూడా ఊడదీయకపోతే అది శుభ్రం చేసినట్టే కాదంటారు ఇంకొందరు. నా ఓటు మొదటివాళ్లకే. కాకపోతే ఒక రకం యూనిట్‌కి ఈ మాట చెల్లదు.

ఎలా విప్పినా ముందు చేయాల్సింది ఒకటే. మొదట మ్యాగజైన్ తీసేయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగాలి. ఈ వరస తప్పిందా, స్లైడ్ వదిలిన ప్రతిసారీ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటా ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి) ఎక్కుతుంది. స్లైడ్‌ని వెనక ఆపి ఛాంబర్‌ని కళ్లతో చూడాలి, చిటికెన వేలి కొసతో తడమాలి కూడా. మసి పట్టిన చోట సన్నటి .22 కేసు కంటికి ఆనకపోవచ్చు. తూటాలు పనిచేసే బల్ల మీదే కాదు, ఆ గదిలోనే ఉండకూడదు. విప్పడం పూర్తయ్యేదాకా బ్యారెల్ ఎవరూ లేని వైపే ఉండాలి. కళ్లద్దాలు పెట్టుకోవడం చాదస్తమేమీ కాదు: 1911 (పేరున్న .45 మోడల్) తరహా పిస్టల్‌లో బుషింగ్ (బ్యారెల్ కొసని పట్టి ఉంచే ఉంగరం) తిప్పగానే కింద ఉన్న స్ప్రింగ్ ప్లగ్ ఎగిరి వస్తుంది, దాన్ని బొటనవేలితో అదిమి పట్టుకోవాలి.

.22లో తూటా ముందుండే గుండు చాలావరకు ఉత్త సీసమే, పైన మైనం లాంటి పూత. కాలిన మందు మసి, సీసం పొడి, ఆ మైనం కలిసి జిగురుగా పేరుకుంటాయి. ఎక్కడ పేరుకుంటాయో గమనిస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది. స్లైడ్ లోపల కేసు వెనక భాగం ఆనే చోట, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద, ఛాంబర్ అంచు దగ్గర. వీటన్నిటికీ పైపైన విప్పినా పాత టూత్‌బ్రష్, సన్నటి పుల్ల, కాస్త సాల్వెంట్ అందుతాయి.

మరి పూర్తిగా విప్పితే ఏం పోయింది? చాలా యూనిట్లలో ఫైరింగ్ పిన్‌ని ఆపేది ఒక రోల్ పిన్ (రేకుని చుట్టి చేసిన బోలు మేకు). సరైన సైజు పంచ్ లేకుండా కొడితే అది నలుగుతుంది, కొట్టినకొద్దీ పట్టు వదులవుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ వెనక ఉండే స్ప్రింగ్ బియ్యపు గింజంత ఉంటుంది. జారిందా, గదంతా వెతుక్కోవాల్సిందే. విప్పక తప్పనప్పుడు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పడం మేలు. శుభ్రం చేశాక కూడా కేసు బయటికి లాగకపోతేనో, రిమ్ (కేసు వెనక అంచు) మీద దెబ్బ బలంగా పడకపోతేనో ఆ పని పెట్టుకోవాలి. ఊరికే నెల నెలా అక్కర్లేదు.

ఇక నా మాట చెల్లని రకం. .22 తూటా విసురు .45 స్లైడ్ బరువుని వెనక్కి నెట్టడానికి సరిపోదు. అందుకని కార్బైన్ విలియమ్స్‌గా పేరున్న తుపాకుల రూపకర్త డేవిడ్ మార్షల్ విలియమ్స్ ఫ్లోటింగ్ ఛాంబర్ తయారుచేశాడు. కోల్ట్ కంపెనీ 1938లో తెచ్చిన కన్వర్షన్ యూనిట్‌లో ఉన్నది అదే. ఛాంబర్ బ్యారెల్‌కి అతుక్కుని ఉండదు, విడి ముక్క. గ్యాస్ దాని ముందు ముఖం మీద ఒత్తితే కాస్త వెనక్కి జరిగి స్లైడ్‌ని బలంగా తంతుంది. ఆలోచన గొప్పదే కానీ ఆ ముక్కకీ బ్యారెల్‌కీ మధ్య సందులోకి సీసం, మసి దూరి గట్టిపడతాయి. ఈ రకంలో ప్రాక్టీస్ ముగిసిన ప్రతిసారీ ఛాంబర్‌ని బయటికి తీసి తుడవాల్సిందే, బద్ధకిస్తే బిగుసుకుపోతుంది. బిగుసుకున్నదాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకిలించొద్దు. సాల్వెంట్‌లో నానబెట్టి చేత్తో కదిపి చూడండి, రాకపోతే గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాళ్లకి) ఇవ్వండి. సీజెడ్ కడెట్ (సీజెడ్ 75 పిస్టల్‌కి వచ్చే .22 యూనిట్) లాంటి వాటిలో బ్యారెల్ స్థిరంగా ఉండి వెనక బోల్ట్ ముక్క మాత్రమే కదులుతుంది కాబట్టి ఈ బెడద లేదు.

శబ్ద తరంగాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ తొట్టిలో పడేస్తే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు. స్టీల్ భాగాలకైతే సరే, తీశాక ఆరబెట్టి నూనె రాయాలి. అల్యూమినియం స్లైడ్‌ని మాత్రం ఘాటైన క్షార ద్రావణంలో ముంచితే పైపూత చెడుతుంది.

బిగించేటప్పుడు ఒరిజినల్ భాగాలూ యూనిట్ భాగాలూ ఒకే బల్ల మీద కలిసిపోనివ్వొద్దు. .22 స్ప్రింగ్ మెత్తన. అది .45కి వెళ్తే ఫ్రేమ్‌కి దెబ్బలు తగులుతాయి, .45 స్ప్రింగ్ .22కి వస్తే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు. ట్రిగ్గర్ నొక్కి పరీక్షించాలనుకుంటే డమ్మీ రౌండ్ (మందు లేని నకిలీ తూటా) పెట్టండి. కొన్ని .22 డిజైన్లలో ఖాళీగా కొడితే ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచునే గుద్ది నొక్కు పెడుతుంది. తుడిచిన గుడ్డల్లోనూ చేతుల మీదా సీసం ఉంటుంది, సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినండి.