ముసలితనానికి ఎవరి పెన్షన్ మేలు: బ్రిటన్‌దా, జర్మనీదా?

1950లలో చాలాకాలం బ్రిటన్‌నీ పశ్చిమ జర్మనీనీ ఏలింది సంప్రదాయవాద పార్టీలే. ఇద్దరూ పెన్షన్ జోలికి వెళ్లారు, ఇద్దరూ దాన్ని పెంచారు. తేడా అంతా లెక్క కట్టిన తీరులో ఉంది.

బ్రిటన్ కన్జర్వేటివ్‌లకు లేబర్ ప్రభుత్వం 1946లో చేసిన చట్టం చేతికొచ్చింది. అందరూ ఒకే మొత్తం కట్టాలి, అందరికీ ఒకే పెన్షన్. మొదట వారానికి 26 షిల్లింగులు (20 షిల్లింగులు ఒక పౌండు). భర్త కట్టిన దాని మీదే భార్యకు ఇంకో 16. చూడ్డానికి న్యాయంగానే ఉంది, కానీ దాంతో ఇల్లు గడవదు. చాలామంది ముసలివాళ్లు తమ ఆదాయం ఎంతో చూపించి ప్రభుత్వ సాయానికి అర్జీ పెట్టుకున్నారు.

కన్జర్వేటివ్ ప్రధాని మాక్‌మిలన్ ప్రభుత్వం 1959లో దీనికి ఒక అతుకు వేసింది: జీతాన్ని బట్టి అదనపు పెన్షన్. 1961లో అమలైంది. మగవాడు 7.50 పౌండ్లు కడితే ఒక యూనిట్, అంటే రిటైరయ్యాక వారానికి ఆరు పెన్నీలు (అర షిల్లింగు). ఆడవాళ్లయితే అదే యూనిట్‌కి 9 పౌండ్లు కట్టాలి! లెక్కలో ధరల ఊసే లేదు. 1975లో పథకం మూసేసే నాటికి ధరలు రెట్టింపు దాటాయి, యూనిట్ విలువ మాత్రం కదల్లేదు. పెన్షన్లు చెల్లించే ప్రభుత్వ బీమా నిధిలో లోటు పూడ్చుకోవడానికే ఇది తెచ్చారని నాకనిపిస్తుంది.

పశ్చిమ జర్మనీలో ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) అడెనావర్ 1957లో పెన్షన్‌ని జీతాలకే ముడిపెట్టాడు. దేశంలో జీతాలు పెరిగితే పెన్షనూ పెరగాలి. జీతంలో 14 శాతం చందా, అందులో సగం యజమానిది. 40 ఏళ్లు కట్టినవాడికి జీతంలో సుమారు 60 శాతం. ధరలు మండిపోతాయని సొంత ఆర్థికశాఖ మంత్రి ఎర్హార్డే వద్దన్నా, 81 ఏళ్ల పెద్దాయన వినలేదు. పాత పెన్షన్లు ఒక్కసారిగా సగానికి పైగా పెరిగాయి. ఆ సెప్టెంబర్ ఎన్నికల్లో ఆయన కూటమికి 50.2 శాతం ఓట్లు వచ్చాయి.

నిలకడగా ఉద్యోగం చేసినవాడికి జర్మనీదే మేలు, అందులో నాకు అనుమానం లేదు. పని దొరికీ దొరకని వాళ్ల సంగతి వేరు. అక్కడ కనీస పెన్షన్ లేదు. జీవితమంతా ఇంటిపనిలో గడిపిన ఆవిడకు భర్త పోయాక వచ్చే వితంతు పెన్షనే దిక్కు. ఆ విషయంలో బ్రిటన్ ఇచ్చిన ఆ 16 షిల్లింగులే నయం.

జీతంతో పాటు విలువ పెరిగే అదనపు పెన్షన్ బ్రిటన్‌లో మొదలైంది 1978లో. అది తెచ్చింది లేబర్ ప్రభుత్వం.